థైరాయిడ్ మాత్ర నుంచి కాల్షియం పరీక్ష వరకు: చెన్నైలోని తెలుగు కుటుంబాలు పాటించదగిన పద్ధతి

మెడ ముందు భాగంలో, కంఠమణికి కొంచెం కింద, శ్వాసనాళాన్ని ఆనుకుని ఉండే పదిహేను ఇరవై గ్రాముల గ్రంథి థైరాయిడ్. దాని వెనుక వైపున బియ్యపు గింజంత పరిమాణంలో మామూలుగా నాలుగు గ్రంథులు ఉంటాయి, అవి పారాథైరాయిడ్లు. పేర్లు దగ్గరివైనా పనులు వేరు. థైరాయిడ్ స్రవించే హార్మోనులు గుండె, పేగులు, మెదడు, చర్మం ఎంత వేగంతో పని చేయాలో నిర్ణయిస్తాయి. పారాథైరాయిడ్ హార్మోను రక్తంలో కాల్షియం ఒక ఇరుకైన హద్దు దాటకుండా కాపాడుతుంది.

పెరంబూరు, విల్లివాక్కం వంటి పాత పేటల్లో తరాలుగా ఉన్న తెలుగువారి ఇళ్లలోనైనా, ఉద్యోగం కోసం ఓఎంఆర్ దారిలో కొత్తగా కాపురం పెట్టినవారి ఇళ్లలోనైనా థైరాయిడ్ మాత్రల సీసా కనిపించడం ఇప్పుడు అరుదు కాదు. మందు ఖరీదైనదీ కాదు, దొరకనిదీ కాదు. అయినా ఏళ్ల తరబడి మాత్ర వేసుకుంటూ నీరసంతోనే ఉండేవారు చాలామంది ఉన్నారు. మాత్ర వేసుకునే వేళ, పరీక్ష చేయించుకునే పద్ధతి, పాత రిపోర్టుల భద్రత అనే మూడింటిలో ఏదో ఒకటి తప్పడమే అందుకు తరచుగా కారణమవుతుంది. పక్కనే ఉన్న పారాథైరాయిడ్ సంగతి చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు. ఈ రెండు లోపాలనూ సరిదిద్దుకోవడానికి ఏమేం చేయాలో కింద వరుసగా రాస్తున్నాను. మోతాదు నిర్ణయించడం, మార్చడం మాత్రం డాక్టరు పని. మీరు చేయవలసింది ఆ నిర్ణయానికి సరైన సమాచారం అందించడం.

మొదటి పని: లక్షణాలను తేదీలతో రాసుకోవడం

డాక్టరు దగ్గర ఐదారు నిమిషాలకు మించి సమయం దొరకదు కాబట్టి, వెళ్లడానికి ముందే ఒక కాగితం మీద లక్షణాలను, అవి మొదలైన నెలతో సహా రాసుకోండి. హార్మోను తగ్గితే నీరసం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, ముఖం ఉబ్బినట్టు ఉండటం, గొంతు బొంగురుపోవడం, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, చెన్నై ఉక్కలో కూడా అందరికంటే ఎక్కువగా చలి అనిపించడం వంటివి కనిపిస్తాయి. హార్మోను ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, తిండి తగ్గకపోయినా బరువు తగ్గడం, విపరీతమైన చెమట, నిద్రలేమి, పదేపదే విరేచనానికి వెళ్లవలసి రావడం కనిపిస్తాయి. ఈ ఊరి ఎండాకాలంలో చెమట అందరికీ పడుతుంది కనుక చెమట ఒక్కదాన్నే చూసి ఏమీ తేల్చుకోకండి. ఏసీ గదిలో కూర్చుని ఉన్నప్పుడు కూడా చెమట, దడ ఉంటే దానిని తప్పక రాయండి.

బరువు గురించి ఒక మాట చెప్పాలి. థైరాయిడ్ హార్మోను తగ్గడం (హైపోథైరాయిడిజం) వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే ఉంటుంది, అందులోనూ చాలా భాగం ఒంట్లో చేరిన ఉప్పు, నీరు. ఇరవై కిలోలు పెరిగిన బరువుకు థైరాయిడ్‌నే కారణంగా చూపించి, తగ్గడం కోసం మాత్రను మోతాదుకు మించి వేసుకునేవారు ఉన్నారు. అది ప్రమాదకరం. అవసరానికి మించిన థైరాక్సిన్ (మాత్రలో ఉండే థైరాయిడ్ హార్మోను) గుండె లయను చెడగొడుతుంది, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలను గుల్ల చేస్తుంది.

రెండో పని: పరీక్షను ఒకే పద్ధతిలో చేయించుకోవడం

మొదట చేయించవలసింది టీఎస్‌హెచ్. ఇది థైరాయిడ్‌లో తయారయ్యే హార్మోను కాదు, దానిని పని చేయించడానికి మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను. థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, థైరాయిడ్ అతిగా పని చేస్తే తగ్గుతుంది. పెద్దవారిలో మామూలు హద్దు సుమారు 0.4 నుంచి 4 వరకు. ల్యాబును బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి గనుక మీ రిపోర్టులో పక్కన అచ్చువేసిన హద్దునే చూడండి. దానితో పాటు ఫ్రీ టీ4, అంటే రక్తంలో స్వేచ్ఛగా తిరిగే థైరాక్సిన్, చేయిస్తే బొమ్మ పూర్తవుతుంది. థైరాయిడ్ మరో హార్మోను టీ3ని ముఖ్యంగా హార్మోను ఎక్కువైన సందేహం ఉన్నప్పుడే అడుగుతారు.

టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. అందువల్ల ఒకసారి ఉదయం ఏడింటికి, మరొకసారి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చే దారిలో రక్తం ఇచ్చి ఆ రెండు అంకెలను పోల్చి కంగారు పడటంలో అర్థం లేదు. వీలైనంతవరకు ఒకే ల్యాబులో, ఉదయం ఒకే వేళకు ఇవ్వండి. థైరాయిడ్ పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదు. అయితే మాత్ర వేసుకునేవారు ఆ రోజు రక్తం ఇచ్చిన తరువాతే మాత్ర వేసుకోవాలి, ఎందుకంటే మాత్ర వేసుకున్న కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 అంకె పెరిగి కనిపిస్తుంది.

జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడేవారు ఆ సంగతి ల్యాబులోనూ డాక్టరుకూ చెప్పి, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. చాలా ల్యాబుల్లో వాడే పరీక్షా విధానాన్ని బయోటిన్ తప్పుదోవ పట్టిస్తుంది. అసలు లేని హైపర్‌థైరాయిడిజం (హార్మోను ఎక్కువవడం) రిపోర్టులో కనిపించవచ్చు. గుండె లయకు వాడే అమియోడరోన్, మానసిక వైద్యంలో వాడే లిథియం, స్టెరాయిడ్లు, ఈ మధ్య సీటీ స్కాన్‌లో ఎక్కించిన కాంట్రాస్టు మందు కూడా థైరాయిడ్ పనిని గానీ రిపోర్టును గానీ మారుస్తాయి. తీవ్రమైన జ్వరంతోనో న్యుమోనియాతోనో ఆస్పత్రిలో ఉన్నప్పుడు చేసిన పరీక్ష కొంచెం అటూ ఇటూ అయితే, కోలుకున్న కొన్ని వారాల తరువాత మళ్లీ చేయించాకే ఒక నిర్ణయానికి రావడం మంచిది.

మూడో పని: రిపోర్టును మనిషితో కలిపి చదవడం

టీఎస్‌హెచ్ ఎక్కువగా, ఫ్రీ టీ4 తక్కువగా ఉంటే హైపోథైరాయిడిజం స్పష్టం. టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువగా ఉండి ఫ్రీ టీ4 మామూలుగా ఉంటే అది తొలి దశ లేదా తాత్కాలికమైన మార్పు. టీఎస్‌హెచ్ 10 లోపు ఉండి, ఏ బాధా లేని మనిషికి వెంటనే జీవితకాలపు మాత్ర మొదలుపెట్టనవసరం చాలాసార్లు ఉండదు. రెండు మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షించి, యాంటీ టీపీఓ యాంటీబాడీలు (శరీరం తన థైరాయిడ్ మీదే దాడి చేస్తోందని తెలిపేవి) చూసి, గర్భధారణ ఆలోచన ఉందా, గుండె జబ్బు ఉందా అన్నవి విచారించి నిర్ణయిస్తారు. డెబ్బై దాటినవారిలో టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం వయసుతో వచ్చే మార్పే కావచ్చు. ఒకే ఒక్క రిపోర్టు చూసి మాత్ర మొదలుపెట్టిన పెద్దవారు మీ ఇంట్లో ఉంటే, అది ఇప్పటికీ అవసరమా అని డాక్టరును మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు.

టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ తక్కువగా ఉంటే లోపం పిట్యూటరీలో ఉండవచ్చు. అప్పుడు అడ్రినల్ గ్రంథి హార్మోనైన కార్టిసాల్‌ను చూడకుండా థైరాక్సిన్ మొదలుపెట్టకూడదు. ఇటువంటి రిపోర్టుతో నేరుగా ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల జబ్బుల డాక్టరు) దగ్గరికే వెళ్లండి.

కారణం గురించి కూడా కొంత తెలియాలి. ఒకప్పుడు ఈ దేశంలో, ముఖ్యంగా హిమాలయ ప్రాంతాల్లో, అయోడిన్ లోపం వల్ల గొంతు వాపు విపరీతంగా ఉండేది. కాంగ్రా లోయలో 1956 నుంచి డాక్టర్ వి. రామలింగస్వామి బృందం చేసిన అధ్యయనం అయోడిన్ కలిపిన ఉప్పు ఆ వాపును తగ్గిస్తుందని చూపింది. 1962లో జాతీయ గాయిటర్ (గొంతు వాపు) నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అయోడిన్ ఉప్పు అందుతున్న నగరాల్లో ఇప్పుడు హైపోథైరాయిడిజానికి ప్రధాన కారణం శరీర రక్షణ వ్యవస్థ తన గ్రంథి మీదే దాడి చేయడం. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించినందున దానిని ఆయన పేరుతోనే పిలుస్తారు. కనుక అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు కొనుక్కుంటే ఈ జబ్బు తగ్గదు సరికదా, కొందరిలో ముదురుతుంది. మీరు చేయవలసింది వంటకు నవ్వే సూర్యుడి గుర్తు ఉన్న అయోడిన్ ఉప్పు వాడటం మాత్రమే. కల్లుప్పు వాడే అలవాటు ఉంటే, ప్యాకెట్టు మీద అయోడిన్ కలిపినట్టు రాసి ఉందో లేదో చూసి కొనండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయనవసరం లేదు. ఉడికించి మామూలుగా తింటే హాని లేదు.

నాలుగో పని: మాత్ర వేళను ఇంటి అలవాటుకు అమర్చుకోవడం

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. లీవోథైరాక్సిన్ చిన్న మోతాదులో ఇచ్చే మందు, దాని కొలత మిల్లీగ్రాములో వెయ్యో వంతైన మైక్రోగ్రాముల్లో ఉంటుంది. గ్రంథి దాదాపు పూర్తిగా పనిచేయని పెద్దవారికి శరీర బరువులో కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు అవసరమవుతాయి, అంటే అరవై కిలోల మనిషికి 100 దరిదాపుల్లో. వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి 12.5 లేదా 25తో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. ఇంత చిన్న మోతాదులో కొంత భాగం పేగుల్లో అందకుండా పోతే ఆ తేడా రిపోర్టులో తప్పక కనబడుతుంది.

మాత్రను పరగడుపున, మామూలు నీళ్లతో వేసుకుని, ఆ తరువాత అరగంట నుంచి గంట వరకు ఏమీ తీసుకోకూడదు. ఇక్కడ చెన్నైలో అడ్డు వచ్చేది ఫిల్టర్ కాఫీ. లేవగానే కాఫీ పడకపోతే పని సాగని ఇళ్లలో మాత్రను కాఫీతోనో, కాఫీకి ఐదు నిమిషాల ముందో మింగడం చూస్తుంటాం. కాఫీ ఈ మందు శోషణను తగ్గిస్తుంది. అందులో కలిసే పాలలోని కాల్షియం మరికొంత అడ్డుపడుతుంది. ఆ అలవాటు మానడం కష్టమైతే రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి, మాత్రను నీళ్ల చెంబుతో సహా మంచం పక్కనే పెట్టుకుని, కళ్లు తెరవగానే వేసుకుని, స్నానం, పూజ, వాకింగు ముగించుకున్నాక కాఫీ తాగడం. రెండోది, రాత్రి భోజనమైన మూడు గంటల తరువాత, పడుకునే ముందు వేసుకోవడం. షిఫ్టుల్లో పనిచేసేవారికి ఈ రెండోదే నయమని నా అభిప్రాయం. ఏది ఎంచుకున్నా డాక్టరుకు చెప్పి, రోజూ అదే పాటించండి.

కాల్షియం మాత్రలకు, ఐరన్ మాత్రలకు, థైరాయిడ్ మాత్రకు మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులు, బాలింతలు, మోకాళ్ల నొప్పులకు కాల్షియం వాడే పెద్దవారు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. థైరాయిడ్ మాత్ర ఉదయం, ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి భోజనంతో అని విడదీస్తే చిక్కు ఉండదు. గ్యాస్ కోసం రోజూ పాంటోప్రజోల్ వంటి మందు వాడేవారిలోనూ థైరాక్సిన్ తక్కువగా అందుతుంది. దానికి మోతాదు సవరించవలసి రావచ్చు కనుక మీరు వాడే మందులన్నిటినీ, మెడికల్ షాపులో సొంతంగా కొన్నవాటితో సహా, డాక్టరుకు చూపండి. రాగిజావ, సోయా వంటివి మంచివే, గంట ఆగి తీసుకోండి.

చెన్నై గాలిలోని తేమ మాత్రలకు మంచిది కాదు. సీసాను స్నానాల గది అలమరలో గానీ పొయ్యి పక్కన గానీ ఉంచకండి. సీసా లోపలి చిన్న పొట్లాన్ని పారేయకండి. నెల మాత్రలను ముందుగానే తీసి గాలి చొరబడే పెట్టెలో పోసుకోకండి. ఒక బ్రాండుకు అలవాటు పడ్డాక వీలైనంతవరకు అదే కొనండి. షాపువారు వేరే కంపెనీ మాత్ర ఇస్తే దాని మీద ఉన్న మైక్రోగ్రాముల అంకె చూసి, మార్చిన తేదీ రాసుకుని, ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత టీఎస్‌హెచ్ చేయించండి. మోతాదు మారిన ప్రతిసారీ ఇదే గడువు, ఎందుకంటే థైరాక్సిన్ సగం తగ్గడానికే రక్తంలో సుమారు ఏడు రోజులు పడుతుంది. పది రోజులకే పరీక్ష చేయించి మళ్లీ మోతాదు మార్పించుకోవడం డబ్బుకూ మనశ్శాంతికీ నష్టం. ఒక రోజు మాత్ర మరిచిపోయినా పెద్ద ప్రమాదం లేకపోవడానికి కారణం కూడా ఈ ఏడు రోజులే. పండక్కి నెల్లూరో తిరుపతో వెళ్లేటప్పుడు సీసాను చేతిసంచిలో పెట్టుకోండి. ఏకాదశి ఉపవాసం ఉన్నా నీళ్లతో మాత్ర వేసుకోవచ్చు.

ఒంట్లో బాగుందని మాత్ర మానేయడం ఎక్కువగా జరిగే పొరపాటు. బాగున్నది మాత్ర వల్లనే. పూర్తిగా మానేసిన వృద్ధులలో, ముఖ్యంగా ఏదైనా ఇన్‌ఫెక్షను తోడైతే, ఒళ్లు చల్లబడి స్పృహ తప్పే స్థితి రావచ్చు. అది ప్రాణాపాయం, వెంటనే 108కి ఫోను చేయాలి.

హార్మోను ఎక్కువైతే

మాత్ర మొదలుపెట్టే ముందు కారణం తేల్చుకోవాలి. గ్రేవ్స్ జబ్బులో గ్రంథే అతిగా తయారు చేస్తుంది. థైరాయిడైటిస్‌లో గ్రంథి వాచి, అప్పటికే నిల్వ ఉన్న హార్మోను రక్తంలోకి కారుతుంది, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ప్రసవం తరువాత మొదటి ఏడాదిలోనూ, వైరస్ జ్వరం తరువాత మెడ నొప్పితోనూ వచ్చేది ఎక్కువగా ఈ రెండో రకం. టీఆర్ఏబీ అనే యాంటీబాడీ పరీక్ష గానీ టెక్నీషియం స్కాను గానీ తేడా చెబుతుంది. గ్రంథి హార్మోను తయారీని తగ్గించే కార్బిమజోల్ మాత్ర థైరాయిడైటిస్‌కు పనిచేయదు, కాబట్టి ఈ ప్రశ్నను డాక్టరును అడిగే తీరాలి.

గ్రేవ్స్‌కు కార్బిమజోల్ మామూలుగా ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు వాడతారు. ఈ మందు వాడే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవలసిన హెచ్చరిక ఒకటుంది. జ్వరం, గొంతు నొప్పి, నోటిపూత వస్తే మందు ఆపి అదే రోజు రక్తంలో తెల్లకణాల లెక్క చేయించాలి. అరుదుగానే అయినా ఈ మందు తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. డెంగీ కాలంలో జ్వరం వస్తే అది డెంగీయేనని ఇంట్లో కూర్చోకండి, కార్బిమజోల్ వాడుతున్నామని పరీక్షించే డాక్టరుకు ముందే చెప్పండి. కళ్లు పచ్చబడినా అంతే. కనుగుడ్లు ముందుకు రావడం, రెండుగా కనిపించడం ఉంటే కంటి డాక్టరుకు కూడా చూపాలి. పొగతాగే అలవాటు ఈ కంటి జబ్బును స్పష్టంగా ముదరబెడుతుంది.

రేడియో అయోడిన్ చికిత్స (అతిగా పనిచేసే గ్రంథిని రేడియోధార్మిక అయోడిన్‌తో అణచడం) నిర్ణయమైతే, ఆస్పత్రివారు చెప్పినన్ని రోజులు పసిపిల్లలకు, గర్భిణులకు దూరంగా పడుకోవాలి. రెండు గదుల ఫ్లాటులో పదిమంది ఉండే ఇళ్లలో ఈ ఏర్పాటు ముందుగానే ఆలోచించుకోవాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ చికిత్స చేయరు. తరువాత కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

గర్భధారణ, పసిబిడ్డ

ఇప్పటికే థైరాక్సిన్ వాడుతున్నవారు నెల తప్పిన వెంటనే, స్కాను కోసం ఆగకుండా, డాక్టరుకు చెప్పాలి. సాధారణంగా మోతాదు 25 నుంచి 30 శాతం పెంచవలసి వస్తుంది, సగం నెలలు నిండే వరకు నాలుగు వారాలకొకసారి టీఎస్‌హెచ్ చూస్తారు. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోను మీదే ఆధారపడి ఉంటుంది గనుక ఈ తొందర అవసరం. కార్బిమజోల్ వాడేవారు గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి. బిడ్డ పుట్టాక మూడో రోజు ప్రాంతంలో మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో టీఎస్‌హెచ్ చూశారా అని ఆస్పత్రిలో అడగండి. పుట్టుకతో లోపం ఉన్న బిడ్డకు రెండు వారాల లోపు మందు మొదలుపెడితే తెలివితేటలు మామూలుగా ఎదుగుతాయి.

మెడలో గడ్డ తగిలితే

అద్దం ముందు నిలబడి, తల కొంచెం వెనక్కి వంచి, గుటక మింగుతూ చూడండి. మింగినప్పుడు పైకి కదిలే ఉబ్బు థైరాయిడ్‌దే కావచ్చు. ఎక్కువ గడ్డలు క్యాన్సర్ కావు; అయితే ఆ సంగతి తేల్చవలసింది ఆయుర్వేద లేపనాలతో ఆరు నెలలు గడిపి కాదు. ముందు టీఎస్‌హెచ్, మెడ అల్ట్రాసౌండు. స్కానులో కనిపించే తీరును, పరిమాణాన్ని బట్టి సన్నని సూదితో కణాలు తీసి చూసే ఎఫ్ఎన్ఏసీ. గొంతు బొంగురు, మింగడంలో ఇబ్బంది, వేగంగా పెరగడం ఉంటే ఆలస్యం చేయకూడదు.

చెన్నైలో ఉండటం ఈ విషయంలో ఒక సౌకర్యం. సెంట్రల్ స్టేషను ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో, మద్రాస్ మెడికల్ కాలేజీకి ఎండోక్రైన్ సర్జరీ కోసమే ప్రత్యేక విభాగం ఉంది. క్యాన్సర్ అని తేలితే డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో 1954లో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వేలూరు సీఎంసీకి కూడా తెలుగు రోగులు ఎంతోకాలంగా వెళ్తున్నారు. తమిళం రాని పెద్దవారితో పాటు మాట్లాడగలిగినవారు ఒకరు తప్పక వెళ్లాలి; ‘గుండెలో ఎట్లనో ఉంది’ అన్న మాటను దడ, నొప్పి, ఆయాసం అని విడమరిచి చెప్పేవారు లేకపోతే వైద్యం దారి తప్పుతుంది.

పారాథైరాయిడ్‌ను గుర్తించడం

మూత్రపిండాల్లో రాళ్లు పదేపదే రావడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం, ఎముకల్లో తెలియని నొప్పి, విడవని మలబద్ధకం, ఎక్కువ దాహం, మతిమరుపు, దిగులు, కారణం తెలియని క్లోమం వాపు. వీటిలో ఒకటి రెండు ఉన్న మనిషి యూరాలజిస్టు, ఎముకల డాక్టరు, గ్యాస్ట్రో డాక్టరు అని వేరువేరుగా తిరుగుతుంటారు, రాయి తీయించుకుంటారు, మళ్లీ రాయి వస్తుంది. వీటన్నిటినీ కలిపే పరీక్ష రక్తంలో కాల్షియం. ఖర్చు తక్కువ, ఏ ల్యాబులోనైనా చేస్తారు. రెండోసారి రాయి వచ్చిన ప్రతి మనిషికీ కాల్షియం చూడాలని గట్టిగా చెబుతాను.

కాల్షియం మామూలు హద్దు డెసిలీటరుకు (100 మి.లీ.కు) సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువైతే ఈ అంకె తక్కువగా కనబడుతుంది, దానిని సరిచేసుకోవాలి. అల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువ ఉందో చూసి, ప్రతి ఒక్క గ్రాముకు 0.8 కలపాలి. కాల్షియం 9.8, అల్బుమిన్ 3 ఉంటే అసలు విలువ 10.6 అవుతుంది, మామూలుగా కనిపించిన రిపోర్టు హద్దు దాటినట్టే. కాల్షియం ఎక్కువగా ఉంటే మళ్లీ ఒకసారి, ఈసారి పీటీహెచ్‌తో (పారాథైరాయిడ్ హార్మోనుతో) కలిపి, ఒకే సూదితో తీసిన రక్తంలో చేయించండి.

కాల్షియం ఎక్కువైనప్పుడు ఆరోగ్యంగా ఉన్న పారాథైరాయిడ్లు పీటీహెచ్‌ను బాగా తగ్గించాలి. తగ్గకుండా ఎక్కువగానో, ‘మామూలు’ హద్దులోనో ఉంటే అదే పారాథైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు గుర్తు. రిపోర్టులో పీటీహెచ్ పక్కన ఎర్ర గీత లేదు కదా అని వదిలేయడం ఇందువల్లనే పొరపాటు. పీటీహెచ్ బాగా అణిగి ఉంటే కారణం వేరే చోట వెతకాలి. వాటిలో ఒకటి విటమిన్ డి అతిగా తీసుకోవడం. మన మెడికల్ షాపుల్లో 60,000 యూనిట్ల పొడి పొట్లాలు సులభంగా దొరుకుతాయి, వారానికొకటి కొన్ని వారాలు వాడమని రాసిన దానిని నెలల తరబడి, కొందరు రోజూ, వాడుతుంటారు. మరో వైపు, విటమిన్ డి లోపం వల్ల కూడా పీటీహెచ్ పెరుగుతుంది, అప్పుడు కాల్షియం మామూలుగానో తక్కువగానో ఉంటుంది. కనుక మూడో పరీక్షగా విటమిన్ డి, నాలుగోదిగా మూత్రపిండాల పనిని చూపే క్రియాటినిన్ తప్పనిసరి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో పీటీహెచ్ పెరగడం వేరే కథ, దానిని నెఫ్రాలజిస్టు చూస్తారు. ఇరవై నాలుగు గంటల మూత్రంలో కాల్షియం కొలిచే పరీక్ష, ఆపరేషన్ అక్కర్లేని ఒక వంశపారంపర్య స్థితిని వేరు చేయడానికి పనికొస్తుంది.

జబ్బు ఖాయమయ్యాక ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాను చేయిస్తారు. అందులో నడుము, తుంటితో పాటు ముంజేయి కూడా ఉండేలా అడగండి, ఎందుకంటే ఈ జబ్బు ముంజేతి ఎముకను ముందుగా గుల్ల చేస్తుంది. రాళ్లు, ఎముక విరగడం, యాభై లోపు వయసు, హద్దుకంటే ఒక మిల్లీగ్రాముకు మించి కాల్షియం, మూత్రపిండాల పని తగ్గడం, ఎముకలు బాగా గుల్లబారడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆపరేషన్‌ను సిఫారసు చేస్తారు. ఎక్కువమందిలో నాలుగింటిలో ఒక గ్రంథి మాత్రమే పెరిగి ఉంటుంది. సెస్టమిబి స్కాను, అల్ట్రాసౌండు దాని చోటును చూపడానికి. జబ్బు ఉందో లేదో తేల్చేది రక్తపరీక్షే. స్కానులో ఏమీ కనపడలేదంటే జబ్బు లేదని కాదు.

అనుభవం ఉన్న సర్జను ఎందుకు కావాలో ఈ గ్రంథుల చరిత్రే చెబుతుంది. లండన్ జంతు ప్రదర్శనశాలలో 1849లో చనిపోయిన భారత జాతి ఖడ్గమృగాన్ని కోసి చూసినప్పుడు రిచర్డ్ ఓవెన్ వీటిని మొదట గమనించాడు. మనిషిలో ఉన్నాయని స్వీడన్‌కు చెందిన ఐవర్ సాండ్‌స్ట్రోమ్ 1880లో వర్ణించేంతవరకు వైద్యలోకానికి తెలియలేదు. అంత చిన్నవి, అంతగా కొవ్వులో కలిసిపోయేవి. సర్జనును కలిసినప్పుడు ఏడాదికి ఎన్ని పారాథైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారు, ఆపరేషన్ మధ్యలో పీటీహెచ్ చూసే సదుపాయం ఉందా అని అడగండి. ఈ హార్మోను రక్తంలో కొద్ది నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది కాబట్టి, చెడిన గ్రంథి తీసిన పది నిమిషాలకు సగానికి పైగా పడిపోతే పని పూర్తయిందని తెలుస్తుంది.

ఆపరేషన్ జరిగేలోపు, ముఖ్యంగా అగ్ని నక్షత్రపు ఎండల్లో, నీళ్లు బాగా తాగాలి; ఒళ్లు ఎండితే కాల్షియం ఇంకా పెరుగుతుంది. పాలు, పెరుగు మామూలుగా తీసుకోవచ్చు, కాల్షియం మాత్రలు, విటమిన్ డి పొట్లాలు మాత్రం డాక్టరు చెప్పకుండా వద్దు. బీపీకి థయజైడ్ మాత్ర వాడుతుంటే ఆ సంగతి చెప్పండి. వాంతులు, మగత, అయోమయం వస్తే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి.

మెడ ఆపరేషన్ తరువాత ఇంట్లో చూసుకోవలసినవి

థైరాయిడ్ మొత్తం తీసిన తరువాత పారాథైరాయిడ్లు కొంతకాలం, కొందరిలో శాశ్వతంగా, పనిచేయకపోవచ్చు. కాల్షియం అన్నిటికంటే తగ్గేది రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య. అప్పటికి చాలామంది ఇంటికి వచ్చేస్తారు. పెదవుల చుట్టూ, వేళ్ల కొనల్లో తిమ్మిరి మొదలైతే ‘చేయి మడతపడింది’ అని సరిపెట్టుకోకుండా, డిశ్చార్జి కాగితంలో రాసినట్టు కాల్షియం వేసుకుని సర్జనుకు ఫోను చేయండి. వేళ్లు కొంకర్లు పోవడం, గొంతు బిగుసుకోవడం, ఫిట్స్ ఉంటే ఇంట్లో ఆగకూడదు. రక్తనాళంలోకి కాల్షియం ఎక్కించాలి. కాల్షియం కార్బొనేట్ భోజనంతో, కాల్సిట్రియాల్ (విటమిన్ డి రకం మందు) చెప్పినట్టు, థైరాక్సిన్ వీటికి నాలుగు గంటల దూరంలో. ఈ మూడింటి వేళలు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. శాశ్వతంగా పారాథైరాయిడ్లు పోయినవారు రక్తంలో కాల్షియాన్ని హద్దులో కింది అంచుకు దగ్గరగా ఉంచుకుంటే చాలు. దానికి మించి పెంచితే మూత్రంలో కాల్షియం ఎక్కువై రాళ్లు వస్తాయి.

బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్, ప్రతి టీఎస్‌హెచ్, ప్రతి కాల్షియం, ఆనాటి మోతాదు, బ్రాండు ఒకే ఫైలులో తేదీల వరుసలో పెట్టుకోండి. ఫోనులో ఫొటోలు కూడా తీసి ఇంట్లో మరొకరికి పంపండి. పారాథైరాయిడ్ జబ్బు నలభై లోపే వచ్చినా, ఒకటికి మించి గ్రంథులు పెరిగినా, ఇంట్లో ఇద్దరికి ఉన్నా, అది వంశపారంపర్యం కావచ్చు. అప్పుడు జన్యుపరీక్ష గురించి ఎండోక్రైనాలజిస్టును అడగండి, తోబుట్టువులకు, పిల్లలకు కాల్షియం పరీక్ష చేయించండి.